కుంకుమభరిణె

నేడు అలంకారద్రవ్యములు అమ్మువారు ముఖ్యముగా రెండు గుణములను పొగడుచుందురు. ఒకటి, ముఖమునకు బరువు తోపకుండుట. రెండవది, చేతిసంచిలో ఇముడుట. దినదినమును ధరించుటకు తగినదియు, సాయంకాలమున సులభముగా కడిగివేయదగినదియు నగు ఇట్టి సామగ్రి క్రొత్తగా పుట్టినదని పలువురు తలంచుచున్నారు. కాని గోదావరీ తీరమున మన అవ్వల చేతిలోనే అట్టిది యొకటి యుండెను. అదియే కుంకుమభరిణె. దానిలో ఏమి యుండెనో, దానిని తెరచుటకు ఎవరికి హక్కుండెనో, ఎవరికి లేకపోయెనో ముచ్చటించుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

ముందుగా భరిణెనే చూతము. మనకు పొరుగున, వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామము లక్కపని భరిణెలకు ప్రసిద్ధి కెక్కినది. అచ్చటి పనివారు అంకుడుకర్రను తరిమెన పట్టుదురు. కర్ర తిరుగుచుండగా రంగులక్కను దానికి ఒరయింతురు. ఆ యొరపిడి వేడికి లక్క కరగి, నునుపుగా అంటుకొనును. అంకుడు తేలికైన కర్ర. మూత బిగువుగా కూర్చుండును. లోపలి పొడి చెమ్మగిల్లదు. ఈ పనితనమునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక కుంకుమ. పసుపుకొమ్ములను నిమ్మరసములో వెలిగారము, పటిక చేర్చి నానబెట్టి, ఆరిన పిదప దంచి వస్త్రగాళితము చేయుదురు. పసుపు ఎరుపగుట వెలిగారపు మహిమ. అదే పసుపునకు సున్నము కలిపినచో పాదములకు పారాణి యగును. చెమటకు బొట్టు చెదరకుండ నొసట ముందు కొంచెము మైనము రాచి, దానిపై కుంకుమ అద్దుచుండిరి. కాటుకయు నట్టిదే. ఆముదపు దీపమునకు పట్టిన మసిని ఆముదముతోనో నేతితోనో రంగరించిన అది సిద్ధమగును.

పెట్టుకొనుట యెంత ముఖ్యమో, తీసివేయుటయు అంత ముఖ్యము. నూనె రాచిన కాటుక కరగును. పెసరపిండి, బావంచాలు, కచ్చూరాలు చేరిన సున్నిపిండి ఆ నూనెను పీల్చుకొనును. తలకు కుంకుడుకాయ నురుగు చాలును. సున్నిపిండి పొడిగా నుండునది గనుక చిన్న మూట గట్టి ఏ రేవునకైనను తీసుకొనిపోవచ్చును. ముందు నూనెతో కరగించి, పిమ్మట కడుగవలెనని నేటి అంగడి సీసాలు చెప్పుచున్న పద్ధతియు ఇదియే.

ఇంత తేలికైన వస్తువునకు సంఘము మోయరాని బరువు కట్టినది. ఉయ్యాలలోని పసికందుకే మన తల్లులు బొట్టు పెట్టి కాటుక దిద్దుదురు. కావున బొట్టు పెండ్లితో వచ్చినది కాదు. అయినను భర్త గతించినప్పుడు, బ్రాహ్మణాది కొన్ని కులములలో, అది స్త్రీ నొసటినుండి తుడిచివేయబడుచుండెను. బాల్యవివాహములు ప్రబలిన ఆ దినములలో పెనిమిటి ముఖమైనను సరిగా ఎరుగని బాలికలకును ఈ గతి పట్టెను. పూలు, గాజులు దూరమయ్యెను. పేరంటపు పిలుపు నిలిచిపోయెను.

1856లోనే వితంతువివాహములు చెల్లునని శాసనమైనది. శాసనము పుస్తకములో నుండెను. భరిణె మూత మాత్రము తెరువబడలేదు. 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములుగారికిని బాలవితంతువగు గౌరమ్మగారికిని వివాహము జరిపించిరి. వెలివేతల బెదరింపుల నడుమ ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తోడు నిలిచిరి. గోదావరి యొడ్డున ఒక యువతి నొసట మరల కుంకుమ నిలుచుటకు, శాసనమైన పిమ్మటను ఇరువదియైదేండ్లు పట్టినది.

అటుపిమ్మట భరిణెకు పోటీ వచ్చినది. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన కాలువలును, కాలువలపై పడవలును, పంటతో చేతిలో డబ్బును మనకు కలిగెను. 1900 నాటికి గోదావరిపై రైలువంతెన నడుచుచుండెను. దూరపు సరుకులు దగ్గరయ్యెను. 1916లో మైసూరు ప్రభుత్వము సబ్బుల కర్మాగారము స్థాపించెను. 1919లో బొంబాయిలో ఆఫ్ఘన్ స్నో వెలువడెను. 1936లో రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోను వెలసెను. చిత్రములలో నటులకు పూయుటకై అమెరికాలో మాక్స్ ఫాక్టరు సిద్ధపరచిన రంగుబిళ్ల 1938 నాటికి సామాన్య స్త్రీల చేతికిని వచ్చెను. మన దేశమున 1952లో టాటావారు లాక్మే స్థాపించిరి. తరువాత అంటించు బొట్టుబిళ్లలు వచ్చెను. వానికి పొడి లేదు, మైనము లేదు, చెదరుట లేదు.

తేలికయైనదెల్ల మేలు చేయునని అనుకొనరాదు. బొట్టుబిళ్లల జిగురులోని కొన్ని రసాయనముల వలన కొందరికి నొసట తెల్లమచ్చ పడుట వైద్యులు గుర్తించిరి. కొన్ని సుర్మాలలో సీసము కనబడినది. 1940 నాటి ఔషధశాసనమును 1962లో సవరించి అలంకారద్రవ్యములను గూడ దాని క్రిందికి తెచ్చిరి. కావున క్రొత్తది కొన్నవారు మోచేతి లోపలివైపున కొంచెము రాచి, ఒకటి రెండు దినములు చూచి, దురద గాని దద్దుగాని లేనిచో ముఖమున వాడుట మంచిది. పరుండుటకు ముందు కడిగివేయుట మరింత మంచిది.

తేలికగా నున్నదా, హాని చేయకున్నదా, కడిగిన పోవునా అని మనము మూడు ప్రశ్నలు వేయుదుము. మన గోదావరి చరిత్ర నాలుగవదానిని నేర్పుచున్నది: పెట్టుకొనుటయు మానుటయు ఆ స్త్రీ యిష్టమేనా? నేడు భర్త లేని స్త్రీలు అనేకులు నిస్సంకోచముగా బొట్టు ధరించుచున్నారు. అయినను కొన్ని యిండ్ల పేరంటములలో వారి కింకను పీట వేయరు. రాబోవు శ్రావణమాసమున భరిణె చేతబట్టి వరుసగా బొట్టు పెట్టుకొనుచు పోవు ఇల్లాలు, వంటయింటి గడపవద్ద ఒదిగి నిలిచిన అత్తనో, వదినెనో దాటిపోక, ఆమె ముందు గూడ ఆ భరిణెను చాపవలెను. తీసుకొనుట, మానుట ఆమె యిష్టము.