దూదేకుల ఆడమనిషిది ఏ గడి?

చిత్తూరు సీమలో ముస్లింల చరిత్ర చెప్పమంటే పెద్దమనుషులు గుర్రంకొండ కోట దగ్గర మొదలుపెడతారు. నవాబులు, మక్బరా, టిప్పు సుల్తానుతో బంధుత్వాలు. ఆ తర్వాత 1782 డిసెంబర్ 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదర్ అలీ ప్రాణం విడిచిన సంగతి. అంతటితో మా చరిత్ర సరి. కోటలో ఉన్నవాళ్లు ఎందరు? విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాళ్లు ఎందరు? పొగడాలన్నా తిట్టాలన్నా మా అందరి నెత్తిన నవాబు టోపీ పెట్టేయడం జనానికి సులువైపోయింది.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఆ జిల్లా మాన్యువల్‌లో దూదేకుల వాళ్ల గురించి రాసిన మాటల్ని థర్‌స్టన్ 1909లో తన కులాల గ్రంథంలోకి ఎత్తుకున్నాడు. వీళ్లు మహమ్మదీయులేగానీ పెళ్లిలో తాళి కడతారట, హిందువుల్లా బట్ట కడతారట, హిందుస్తానీ కంటే తెలుగే మాట్లాడతారట, సొంత మతం గురించి వీళ్లకేమీ తెలియదట. గమనించండి, మా ‘లోపానికి’ దొర చూపించిన మొదటి సాక్ష్యం ఆడదాని మెడలో తాళి. అదే మాట ఉర్దూ మాట్లాడే సాయిబుల ఇళ్లలోనూ విన్నాం. వాళ్లు దాన్ని గ్రంథంలో రాయలేదు. పిల్లనివ్వకుండా, పిల్లను తెచ్చుకోకుండా చెప్పారు.

ఇలాంటి చిక్కుకు అమెరికాలో నల్లజాతి న్యాయశాస్త్రవేత్త కింబర్లే క్రెన్షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టింది. ఆమె ఎత్తిచూపిన కేసు 1976 నాటిది. జనరల్ మోటార్స్ కంపెనీ మీద అయిదుగురు నల్ల స్త్రీలు దావా వేశారు. కంపెనీలో ఆడవాళ్లకు ఉద్యోగాలున్నాయి కదా అంది కోర్టు. ఉన్నాయి, తెల్ల ఆడవాళ్లకు. నల్లవాళ్లకూ ఉన్నాయి, మగవాళ్లకు. నల్ల స్త్రీలు తమను విడిగా ఒక వర్గంగా చూడమంటే కోర్టు కుదరదంది. నాలుగు దిక్కుల నుంచి బండ్లు వచ్చే కూడలిలో నిలబడ్డ మనిషిని ఏ బండి గుద్దిందో ఒక్క దారి చూసి తేల్చలేమని క్రెన్షా వాదన. పేరు పరాయిదే. కూడలి మాత్రం మనది.

మన పద్దులు తీసి చూద్దాం. చిత్తూరు మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు, 1927 కమ్యూనల్ జీవో ప్రతి 12 ఉద్యోగాల్లో 2 ముస్లింలకు కేటాయించింది. ఆ రెండింటిలో నవాబు వారసుడికెంత, దూదేకుల వాడికెంత అని జీవో అడగలేదు. ఆడమనిషి ప్రస్తావన అసలే లేదు. 1970లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితా వచ్చినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలను బి గ్రూపులో చేర్చారు. మేలు జరిగింది, కాదనను. చదువుకున్న మా మొదటి తరం ఆ మెట్టు ఎక్కే వచ్చింది. 2007 చట్టం అచ్చుకట్లవాళ్లు, తురక కాశవాళ్లు, లబ్బీలు, ఫకీర్లు వంటి 14 వర్గాలకు ఇ గ్రూపు కింద 4 శాతం ఇచ్చింది. సయ్యద్‌లనూ పఠాన్‌లనూ పక్కన పెట్టింది. ముస్లింలలో కులాలు లేవని వేదికల మీద చెప్పేవాళ్లు ఆ జాబితా ఒకసారి చదివితే బాగుంటుంది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది.

కులం పద్దు తెరుచుకుంది. ఆడవాళ్ల పద్దు? 1985 షాబానో తీర్పు తర్వాత దేశమంతా ముస్లిం స్త్రీ గురించే మాట్లాడింది. ఆమె కులమేమిటి, కూలి ఎంత అని అడిగినవాళ్లు అరుదు. తెలుగులో 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చింది, 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ‘జల్‌జలా’. మూడూ మావే అనిపించాయి. మూడింటిలోనూ పరుపు కుట్టి పూట గడుపుకునే దూదేకుల ఆడమనిషిని వెతుక్కోవలసే వచ్చింది. మా పోరాటాలు కూడా గడులు గీసుకునే నడిచాయని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

తిరుపతిలో ఈ మాటంటే ఎవరో ఒకరు బీబీ నాంచారిని గుర్తు చేస్తారు. వేంకటేశ్వరుడికి తురక భార్య ఉందిగా, ఇంకేం కావాలి అంటారు. ఉగాదినాడు ముస్లింలు దేవునికడప గుడికి అల్లుడింటికి పోయినట్టు పోతారు. ఆ చుట్టరికం నాకు ఇష్టమే, దాన్ని తెంచాలని చూసేవాళ్లంటే ఇష్టం లేదు. కానీ కథలో బీబీ సుల్తాను కూతురు. దూది ఏకేవాడి కూతురు దేవుడి వెంట పడి వస్తే ఎవరైనా కథ కట్టేవాళ్లా?

ఇక పరిశోధకులు తెచ్చే ఫారాలు. మతానికొక గడి, కులానికొక గడి, ఆడా మగా అని ఇంకొక గడి. చివరికి పట్టికలు దేనికది విడిగా కూడతారు. ముస్లింల అక్షరాస్యత ఒక పేజీలో, బీసీలది ఒక పేజీలో, స్త్రీలది ఇంకో పేజీలో. మూడు పేజీల్లోనూ ఉన్న మనిషి ఏ పేజీలోనూ కనబడదు. 1931 తర్వాత జనగణన అన్ని కులాలనూ లెక్కపెట్టడం మానేసింది. 2006లో సచార్ కమిటీ ముస్లింలలోని అంతరాల గురించి తెగించి రాసింది. 2025లో కేంద్రం తర్వాతి జనగణనలో కులాలూ రాస్తామంది. రాసేవాడు మా ఇంటికొచ్చినప్పుడు మతం గడిలో ఇస్లాం అని వేసి, కులం గడిలో గీత కొట్టి పోకుండా చూసుకోవాలి. అడగవలసిన ప్రశ్న కూడా మారాలి. ‘మీరు ముస్లింలా, బీసీలా’ అని కాదు. రేషన్ కార్డు దగ్గర మిమ్మల్ని ఏమని పిలిచారు, ఇల్లు అద్దెకడిగితే ఏమన్నారు, మసీదు కమిటీలో మీ ఇంటి మగవాడికి చోటుందా, ఆ మగవాడి ముందు మీకు మాట ఉందా అని వరసగా అడగాలి.

ఒకసారి ఇలాగే ఫారం పట్టుకుని వచ్చిన కుర్రవాడు మా పెద్దమ్మను ‘మీరేమిటోళ్లమ్మా’ అని అడిగాడు. ఆమె చేతిలో సూది ఆపకుండానే అంది: ‘అడిగేదెవురో ముందు చెప్పు నాయనా, ఆనక చెప్తా.’