38వ నంబరు కారు

శనివారం పొద్దున పదింటికి న్యూజెర్సీలో పాత బొమ్మల సంత. హాలు నిండా మడత బల్లలు, నెత్తిమీద ట్యూబ్‌లైట్లు, ఏళ్ల తరబడి అటకెక్కి కూర్చున్న అట్టపెట్టెల ముక్కవాసన. రండి, మూడో వరుస చివరి బల్ల దాకా నడుద్దాం. మా తమ్ముడి కొడుకు అప్పుడే అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, బల్ల అంచుకి గడ్డం ఆనించి చూస్తున్నాడు.

వాడి కళ్లెదుట రోబోలుగా మారే రెండు బొమ్మ కార్లున్నాయి. రెండూ నిస్సాన్ వాళ్ల ఫెయిర్‌లేడీ జడ్. అమెరికా రోడ్ల మీద దాన్నే డాట్సన్ 280జడ్‌ఎక్స్ అన్నారు. ఒకటి నలుపూ తెలుపూ, నెత్తిన దీపాల పట్టీ ఉన్న పోలీసు కారు. పేరు ప్రౌల్, బొమ్మల కంపెనీ హాస్‌బ్రో 1984లో తెచ్చింది. రెండోది నీలం, ఎరుపు, తెలుపు రంగుల రేసు కారు, తలుపు మీద 38. అది స్మోక్‌స్క్రీన్, మరుసటేడు 1985లో వచ్చింది.

"అదీ ఇదీ ఒకటే కదా పెదనాన్నా! రంగు మార్చి మళ్లీ అమ్మేశారంతే."

ఈ మాట పెద్దవాళ్ల నోటా విన్నాను. విన్నప్పుడల్లా నాకు మనసొప్పదు. అమ్మేవాడిని అడిగి రెండూ చేతిలోకి తీసుకున్నాను. ఒకటి మీరు పట్టుకోండి.

చూపుడు వేలితో ముందు బంపరు కింద తడమండి. ప్రౌల్‌కి అక్కడ మామూలు కారు మూతి తగులుతుంది. స్మోక్‌స్క్రీన్‌కి మూతి కిందికి దిగి, నేలని రాసుకుపోయేటట్టుంది. రేసు కార్లకి గాలి అడుగున దూరకుండా పెట్టే అంచు అది. ఇప్పుడు వెనక్కి తిప్పండి. డిక్కీ మీద పెద్ద రెక్క లేచి ఉంది. పోలీసు కారుకి ఇదేం లేదు. రంగు డబ్బాతో వచ్చే తేడాలు కావివి. వీటికోసం ఉక్కు అచ్చులోనే మార్పు చేయాలి. ప్లాస్టిక్ కరిగించి కొట్టే ఆ అచ్చే బొమ్మల తయారీలో పెద్ద ఖర్చు. అందుకే ఒక అచ్చు తయారైతే దాంతో రెండు మూడు బొమ్మలు తీస్తారు. అది తప్పని నేననను. తీసిన రెండోదానికి సొంత ముఖం వచ్చిందా లేదా, నేను చూసేది అదొక్కటే.

నిజానికి వీటి పుట్టుక ఇంకా వెనక ఉంది. జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ పేరుతో అమ్మిన బొమ్మలివి. అప్పట్లో ఇవి బుద్ధీ మాటా ఉన్న రోబోలు కావు, మనిషి ఎక్కి నడిపే యంత్రాలు. పాదాల్లో అయస్కాంతాలున్న బుల్లి డ్రైవరు ఒకడు వాటితో వచ్చేవాడు. హాస్‌బ్రో వీటిని తెచ్చి పేర్లూ స్వభావాలూ ఇచ్చింది. డ్రైవరు మాత్రం అమెరికా రాలేదు. తలుపు తెరిచి చూపిస్తే మావాడు ఆ సీటు వంక చాలాసేపు చూశాడు.

ఇప్పుడు అసలు పరీక్ష. స్మోక్‌స్క్రీన్‌ని రోబోగా మార్చాలి. నలభై ఏళ్ల ప్లాస్టిక్ ఇది, తొందరపడితే విరుగుతుంది. వెనక భాగం లాగితే కాళ్లు సాగాయి. బానెట్ ఛాతీ అయింది, పైకప్పు వీపుకి చేరింది. తలుపులు భుజాల వెనక రెక్కల్లా విచ్చుకున్నాయి. ఆ రెక్కల మీద 38.

"అబ్బ!" అన్నాడు మావాడు.

నేను చూస్తున్నది వేరే చోట. అచ్చు దిద్దిన బొమ్మని కొత్త ముక్క పాత కీలుని కలిసే దగ్గరే పట్టుకోవాలి. ఆ కిందికి దిగిన మూతి ఛాతీతోపాటు వచ్చి నడుము మీద నిలబడుతుంది. అక్కడ ఒరుసుకుంటే రంగు లేచిపోతుంది, కీలు వదులవుతుంది. ట్యూబ్‌లైటు కిందికి వంచి చూశాను. గీత లేదు. పైగా ఆ అంచువల్ల ఛాతీ బరువుగా, నిబ్బరంగా కనిపిస్తోంది. ప్రౌల్‌ది డ్యూటీలో ఉన్న పోలీసు నిలుపు. స్మోక్‌స్క్రీన్ పందెం గీత దగ్గర నిలబడ్డ ఆటగాడిలా ఉన్నాడు. ఒకే ఎముకల మీద ఇద్దరు మనుషుల్ని నిలబెట్టారు, నేను మెచ్చుకునే పనితనం ఇదే. హాస్‌బ్రో 1984లో తెచ్చిన విమాన రోబోల్లో స్టార్‌స్క్రీమ్, స్కైవార్ప్, థండర్‌క్రాకర్ ముగ్గురికీ తేడా రంగే. ఆ అచ్చుకే రెక్కలు మార్చి మరుసటేడు తెచ్చిన రామ్‌జెట్‌ని మాత్రం దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

స్మోక్‌స్క్రీన్ ఒంటి మీద చిన్న నల్లని చదరపు స్టిక్కరుంది. 1985 నుంచి అసలు బొమ్మకి గుర్తుగా దీన్ని అంటించారు. మీ బొటనవేలితో రుద్దండి, ఇంకాస్త గట్టిగా. వేడికి నలుపు కరిగి కింద ఈ రోబోల జట్టు ఆటోబాట్‌ల గుర్తు, ఒక ముఖం, తేలుతోంది, చూశారా? వేలు తీస్తే మెల్లగా మళ్లీ చీకట్లోకి పోతుంది. పాతబడ్డవాటిలో ఇది చచ్చిపోయి ఉంటుంది. ఇక్కడ ఇంకా ప్రాణముంది.

లోపాలూ చెప్పాలి. కుడి తలుపు కీలు దగ్గర నీలం ప్లాస్టిక్ తెల్లబారింది. విరగబోయే ముందు ప్లాస్టిక్ అలాగే తెల్లబడుతుంది. బొమ్మతో వచ్చే క్షిపణుల్లో ఒకటి లేదు. ఎడమ తలుపు మీది 38 కుడివైపుదానికన్నా మెరుస్తోంది, అంచు చాలా పదునుగా ఉంది. అది కొత్తగా అచ్చువేసి అంటించింది. అంటించడంలో తప్పులేదు కానీ, అసలుదని ధర చెప్పకూడదు. అమ్మేవాడికి అదే చెప్పాను. ఆయన బొమ్మని దీపం కిందికి తీసుకుని చూసి, తలూపి, ధర తగ్గించాడు.

డబ్బిచ్చేశాను. బొమ్మ మావాడి చేతిలో పెట్టాను.

మీరు కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ చూసి మురిసిపోకండి. ముందు తలుపు కీలు దగ్గర తెల్ల మచ్చుందేమో చూడండి.