చిరివేరు ఎరుపు – ప్లాస్టిక్ రంగులు

రేపల్లెకు నైరుతి దిక్కున సముద్రతీరమందున్న నిజాంపట్నము నేడు చేపల రేవుగా ప్రసిద్ధము. పదునేడవ శతాబ్దమున ఐరోపా వర్తకులు దీనిని పెటపోలి యనుచుండిరి. 1606 ప్రాంతమున డచ్చివారును, 1611లో గ్లోబ్ అను నౌకపై ఆంగ్లేయులును ఈ రేవునకు వచ్చిరి. వారిని ఆకర్షించిన సరకులలో అద్దకపు గుడ్డలు ముఖ్యములు; ఆ గుడ్డలకు వన్నె తెచ్చినది చిరివేరు ఎరుపు.

చిరివేరు ఇసుక నేలలలో పెరుగు ఒక చిన్న మొక్క వేరు. గుడ్డను ముందుగా పటిక నీటిలో తడిపి, పిదప ఈ వేరుతో ఉడికించినచో రంగు నూలును గట్టిగా పట్టుకొనును. పటిక లేనిచో రంగు నిలువదు. ఎంత ఉదికినను, ఎంత ఎండ తగిలినను పోనిది పక్కా రంగు. పోవునది కచ్చా రంగు. ఆనాటి ప్రమాణ గ్రంథమంతయు ఈ రెండు మాటలే. చాకిరేవే పరీక్షాశాల.

1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు చిరివేరులోని ఎరుపునకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. అంతట వేరుల గిరాకీ పడిపోయెను. బాపట్లకు పొరుగుననున్న చీరాల తేలియా రుమాళ్లకు సైతము ఆ అలిజరినే ఆధారమయ్యెను.

గుడ్డతో పుట్టిన 'రంగు నిలుచునా?' అను ప్రశ్న తరువాత ప్లాస్టిక్‌నకును సంక్రమించెను. పాతకాలపు బేకలైటు రేడియో పెట్టెలు చాలవరకు గోధుమ రంగుననో నల్లగానో యుండుట శ్రోతలకు జ్ఞాపకముండును. అది కొనువారి అభిరుచి కాదు. 1907లో బేకలాండ్ కనుగొనిన ఆ పదార్థము తనంత తానే ముదురు రంగునకు తిరుగును. లేత రంగులు దానియందు పొసగవు. తరువాత వచ్చిన పాలిథీన్ వంటివి ఏ రంగునైనను స్వీకరించును.

ఇచ్చట కొన్ని మాటలు తెలిసికొనవలెను. కరగి కలిసిపోవు రంగు డై. కరగక సన్నని రేణువులుగా నిలుచునది పిగ్మెంటు. ప్లాస్టిక్ వస్తువులలో పిగ్మెంటులదే పెద్ద పీట. పిగ్మెంటును చిక్కగా పట్టించిన గుళికలు మాస్టర్‌బ్యాచ్. వీనిని రంగులేని గుళికలతో కొద్ది పాళ్లు కలిపి కరగింతురు. ఎండకు రంగు ఓర్చు శక్తిని ఎనిమిది నీలి ఉన్ని గుడ్డలతో పోల్చి, 1 నుండి 8 వరకు అంకె వేయుదురు. 8 అన్నిటికన్న దృఢము. బకెట్టు రంగును కొలుచుటకు ఉన్ని గుడ్డ యేల యని నవ్వు రావచ్చును. నేతపని ముందు పుట్టినది గనుక కొలబద్దయు దానిదే.

అయితే పాత కొలబద్ద ఒకచోట మోసగించును. కాడ్మియము ఎరుపులు వేడికిని వెలుగునకును మిక్కిలి ఓర్చును. చాకిరేవు న్యాయమున అవి పక్కా రంగులే. కాని కాడ్మియము విషలోహము. పసుపు రంగు నిచ్చు క్రోమేటులోని సీసము పసిబిడ్డల మెదడునకు హాని చేయును. రంగు గట్టిది కావచ్చును, మేలైనది కాకపోవచ్చును.

అందుచేతనే మైగ్రేషన్, అనగా వలస, అను మాట ముఖ్యమైనది. డబ్బాలోని పదార్థము ఆహారములోనికి కదలివచ్చుటయే వలస. దీనిని తెలిసికొనుటకు ప్లాస్టిక్‌ను నీటిలోను, పులుపునకు బదులు ఎసిటిక్ ఆమ్లములోను, నూనెకు బదులు హెప్టేన్‌లోను నానబెట్టుదురు. తెనాలిలో కొన్న రంగు డబ్బాలో ఆవకాయ పెట్టు గృహిణి ఈ పరీక్షలలో రెండింటిని ఏడాది పొడుగునను జరుపుచున్నదన్నమాట! ఆహారమును, మందులను, త్రాగునీటిని తాకు ప్లాస్టిక్‌లలో వాడదగిన రంగుల పట్టికను 1981లో భారత ప్రమాణ సంస్థ ఐ.ఎస్. 9833 అను సంఖ్యతో వెలువరించెను. 2018 నాటి ఆహార ప్యాకేజింగు నిబంధనలు ఆ పట్టికనే అనుసరింపవలెననినవి. మొత్తము వలస కిలో ఆహారమునకు 60 మిల్లీగ్రాములు గాని, చదరపు డెసీమీటరునకు 10 మిల్లీగ్రాములు గాని మించరాదని అవి హద్దు విధించినవి. దానితోపాటు కంటికి కనబడునట్లు రంగు దిగరాదనియు చేర్చినవి. ఈ చివరి పరీక్ష మాత్రము పెటపోలి చాకలికిని తెలిసినదే.