చప్పుడు పుట్టిన చోటు

1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణము గల భూకంపము వచ్చినది. నే నప్పుడు ఆత్మకూరులో అక్షరములు దిద్దుకొను బాలుడను. మా యింట ఉట్టి ఊగినది. పెద్దలలో నొకరు ఉదయగిరి కొండ విరిగినదనిరి. మరియొకరు పెన్న వైపునుండి వచ్చినదనిరి. అందరును తమ చెవులను నమ్మినవారే.

అవధానమున ఘంటాగణనము మీ రెరుగుదురు. అవధాని గంట లెన్నియో లెక్కించును. గంట యెచట నున్నదో చెప్పనక్కరలేదు. ఈ రెండవ ప్రశ్నమునకు మొదటి ప్రపంచయుద్ధము పదును పెట్టెను. కనబడని శత్రు ఫిరంగుల జాడ తీయుటకు ఫ్రెంచివారు మొదలిడిన పద్ధతిని వృద్ధిచేయ 1915లో బ్రిటిష్ సైన్యము లారెన్స్ బ్రాగ్ అను ఇరువదియైదేండ్ల శాస్త్రజ్ఞుని నియోగించెను. ఆ యేటనే తండ్రితోపాటు ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ యేటనే గలిపోలి యుద్ధమున తమ్ముడు మరణించెను.

ఫిరంగి యెప్పుడు ప్రేలెనో తెలియదు, తెలియనక్కరయు లేదు. దూరదూరముల నుంచిన మైక్రోఫోనులకు మ్రోత యెంత వెనుకముందులుగా చేరెనో తెలిసిన చాలును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, సెకను ఆలస్యమైన చోటు అంతమేర దూరమన్నమాట. తీగె లన్నిటిని ఒకచోటికి చేర్చి ఒకే ఫిలిముపై గుర్తులు వేయించిరి. వేరువేరు గడియారములను నమ్మిన పని చెడును. (మా బడిగంటయు పొరుగూరి బడిగంటయు ఏనాడును ఒక్కమారు మ్రోగలేదు!)

అయినను ధ్వనిని మించిన వేగమున వచ్చు గుండు చేయు పెళపెళలో ఫిరంగి గంభీరనాదము చిక్కలేదు. ఫిరంగి మ్రోగినపు డెల్ల గుడిసెగోడ రంధ్రమునుండి చల్లగాలి మొగమునకు తగులుట టక్కర్ అను సైనికుడు గమనించెను. కాచిన సన్నని తీగె ఆ గాలికి చల్లారుటయే గుర్తుగా, 1916లో క్రొత్త మైక్రోఫోను సిద్ధమాయెను.

భూకంపమునకును ఇదే లెక్క. ఆత్మకూరు, ఉదయగిరి ఒంగోలునకు ఇంచుమించు సమదూరమున నున్నవి. రెండుచోట్ల మంచి గడియారము లున్నను, అదురు ఒక్కమారే చేరిన ట్లుండును. అందువలన తేలునది ఒక రేఖ మాత్రమే. అది యొకకొన ఒంగోలునకు, వేరొకకొన రాయచోటి దిక్కునకు పోవును. కందుకూరు ముందుగా అదరెనని తెలిసిన ఈశాన్యమని నిశ్చయింపవచ్చును. తొలితరంగము భూమిలో సెకనుకు ఆరు కిలోమీటర్ల మేర పోవును గనుక, సెకను తప్పిన ఊరే మారిపోవును.

మా పెద్దలు మాత్రము, ఉదయగిరినుండి వచ్చిన బండివాడు కొండ అచ్చటనే యున్నదని చెప్పువరకు తమ మాట విడువలేదు.