చిరునామాలు రాసిన చేతులు

ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ని మన తెరమీదకు తెచ్చుకోవడాన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటున్నాం. దానికి ముందు కావలసింది అవతలి కంప్యూటర్ చిరునామా. విండోస్‌లో కమాండ్ తెర తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే, చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు కనిపిస్తాయి. అదే ఐపీ అడ్రస్. విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో దాచిన పాత స్త్రీల పత్రికల్ని రాత్రిపూట చదువుకోవడానికి నేనూ ఆ సంఖ్యల మీదే ఆధారపడతాను. అసలు ఈ చిరునామాల లెక్క మొదట్లో ఎవరు చూసుకున్నారు?

ఎలిజబెత్ ఫైన్‌లర్ 1931లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టింది. జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేస్తూ, డబ్బు అవసరమై, రసాయనశాస్త్ర సమాచారాన్ని సూచికలుగా కూర్చే సంస్థలో చేరింది. ఆ పనే ఆమెను పట్టేసింది. 1960లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ సమాచార కేంద్రాన్ని 1974 నుంచి 1989 దాకా నడిపింది.

నెట్‌వర్క్‌లోకి కొత్త కంప్యూటర్ రావాలంటే ఆఫీసు వేళల్లో ఆ కేంద్రానికి ఫోన్ చెయ్యాలి. ఆ పేరు ఇంకెవరికీ లేదని చూసి, పేరునీ చిరునామానీ జాబితాలో చేర్చేవారు. ‘హోస్ట్స్ డాట్ టెక్స్ట్’ అనే ఆ ఒక్క జాబితానే అందరూ దింపుకునేవారు. 1981 ఆగస్టులో అందులో 213 కంప్యూటర్లు. 1984 అక్టోబరుకి 1,024. ఇక ఒకచోట రాసి పెట్టడం సాధ్యం కాదని తేలి, పాల్ మోకపెట్రిస్ 1983లో రూపొందించిన డొమైన్ పేర్ల వ్యవస్థ వైపు మళ్ళారు. డాట్ కామ్, డాట్ ఎడ్యు లాంటి విభజనలో ఫైన్‌లర్ బృందం పాలుంది. 1984లో ఆ విభజనను వివరించిన పత్రం మీద జాన్ పోస్టెల్ పేరుతోపాటు జాయిస్ రేనాల్డ్స్ అనే స్త్రీ పేరూ ఉంది.

అయినా ఇంటర్నెట్ చరిత్ర అనగానే ‘పితామహులు’ వస్తారు. సూత్రం కనిపెడితే మేధ, జాబితా సరిచూస్తే గుమాస్తాగిరీ! ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. సిద్ధాంత గ్రంథానికి శుద్ధప్రతి రాసి, పదసూచిక కూర్చిన భార్యకు ముందుమాట చివర ఒక వాక్యం కృతజ్ఞత దక్కుతుంది. ఇది ఇంటిపని లాంటిదే. జరుగుతున్నంతకాలం ఎవరికీ కనిపించదు, ఆగిననాడు అందరికీ తెలుస్తుంది. ఫైన్‌లర్‌కి ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2012లో, ఆ కేంద్రాన్ని వదిలిన 23 ఏళ్ళకు.

ఐపీకాన్ఫిగ్ చూపే సంఖ్య 192.168తో మొదలైతే, అది ఆ ఇంట్లోనో ఆ ఆఫీసులోనో మాత్రమే చెల్లే చిరునామా. బయటినుంచి నేరుగా దాన్ని చేరలేం; బయటికి కనిపించేది రూటర్ చిరునామా ఒక్కటే. గడప లోపల పేరుండి, బయట ‘ఫలానావారి కోడలు’గా మాత్రమే తెలిసిన స్త్రీలు నాకు గుర్తొస్తారు.

ఫైన్‌లర్ తన కేంద్రం కాగితాలను పారెయ్యకుండా దాచి కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి ఇచ్చింది. అందుకే ఇవాళ ఆ పని ఎలా జరిగిందో చెప్పగలుగుతున్నాం. హిందూసుందరి, గృహలక్ష్మి లాంటి పత్రికల సంపాదకుల గురించి మనం రాశాం. చందాదారుల చిరునామాలు రాసి, ప్రతులు కట్టలు కట్టి తపాలాకు పంపిన చేతులు ఎవరివి? ఆ చందా పుస్తకాలు ఏ అటకమీదైనా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే దించాలి.