అక్షరము తెచ్చిన ఓటు: మారిషసు దీవి ఎన్నికల కథ

శివరాత్రినాడు సువర్ణముఖీ తీరమున కాళహస్తీశ్వరుని సేవించు మన ప్రాంతమువారికి ఒక వింత చెప్పెదను. హిందూమహాసముద్రమున, ఆఫ్రికాఖండమునకు తూర్పుగా ఒక చిన్న దీవి కలదు. ఆ పర్వమునకే అచట లక్షలకొలది జనులు తెల్లని వస్త్రములు దాల్చి, కావళ్లు మోసికొని, గంగాతలావను సరస్సునకు కాలినడకను పోవుదురు. ఆ దీవి మారిషసు. అది ఆఫ్రికా రాజ్యములలో చేరినది. మన తెలుగువారును అచట తరతరములుగా కాపురమున్నారు. కోరంగి రేవు పేరునుబట్టి అచటివారు వీరిని చాలకాలము కోరంగీలని పిలిచిరి. ఉగాది ఆ రాజ్యమున సెలవుదినము.

ఈ కూలిజనము ఓటును సంపాదించుకొనిన విధమే నేటి ప్రసంగవిషయము.

1835లో బానిసత్వము రద్దుకాగా చెరకుతోటల దొరలకు పనివారు కరవైరి. అంతకు ముందటియేటి నుండియే ఒడంబడిక కూలీలను మన దేశమునుండి ఓడలపై తరలించుచుండిరి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లవరకు ఇట్లు వచ్చినవారు సుమారు నాలుగున్నర లక్షలు. దీవి జనములో మూడింట రెండువంతులు వీరి సంతతియే. అయినను 1886లో తొలిసారి ఎన్నికలు జరిగినప్పుడు ఆస్తియో పెద్దజీతమో కలవారికే ఓటుండెను. అట్టివారు నూటికి ఇద్దరు ముగ్గురైన లేరు. చెరకు నరికినవానికి అందులో తావెక్కడిది? 1926వరకు భారతసంతతివాడొక్కడును ఎన్నికలో గెలువలేదు. 1936లో మోరిసు క్యూరే యను వైద్యుడు లేబరుపార్టీని స్థాపించెను. మరుసటియేట తోటలలో అలజడి రేగి తుపాకులు పేలెను. కూలీలు ప్రాణములు కోల్పోయిరి. ఇక పాతపద్ధతి నిలువదని ప్రభుత్వమువారు గ్రహించిరి.

1947లో క్రొత్తచట్టము వచ్చెను. ఆస్తి నియమము పోయెను. దీవిలో వాడుకలోనున్న భాషలలో దేనియందైనను సులభవాక్యములు చదివి వ్రాయగలిగిన ప్రతి వయోజనునకు, స్త్రీయైనను పురుషుడైనను, ఓటు లభించెను. ఆ భాషలలో తెలుగొకటి. శ్రోతలారా, ఒక్క నిమిషము నిలిచి దీనిని తలపోయుడు. ఏ భాషను తోటదొరలు కూలివాని గొణుగుడని చులకన చేసిరో, ఆ భాషలో నాలుగు మాటలు వ్రాయగల తల్లి ఇప్పుడు దొరతో సమానమైన ఓటరు!

ఈ అక్షరములు ఎచట నేర్చిరందురా? సర్కారుబడిలో వారికి చోటు తక్కువ. పగలెల్ల తోటలో ఒడలు హూనమైన పిమ్మట, రాత్రివేళ బైఠకా అను గుడిసెలలో దీపము ముందు కూర్చుండి దిద్దిరి. బైఠకా యనగా రామాయణము చదువుకొనుచోటు, పంచాయతీ తీర్చుచోటు, బడి, అన్నియు నదియే. మన పల్లెల వీధిబడికిని రచ్చబండకును పుట్టిన బిడ్డవంటిది. భారతదేశమున చదివి 1939లో మరలివచ్చిన బాసుదేవ విష్ణుదయాళుడును ఆయన అనుచరులును ఊరూర తిరిగి, ఓటు కొఱకు కూలీలకు వ్రాత నేర్పిరి. బడిపంతులు పనికి ఇంతకంటె వెంటనే ఫలము కనిపించిన సందర్భము నేనెరుగను.

ఫలమేమన, పండ్రెండువేలకు లోపుగానుండిన ఓటర్లు డెబ్బదివేలు దాటిరి. 1948 ఆగస్టులో ఎన్నుకొనబడిన 19మందిలో 11మంది హిందువులు. అయితే గవర్నరు తనవంతుగా 12మందిని నియమించెను. వారిలో హెచ్చుమంది పాతపక్షమునకు చెందినవారే. ఇచ్చినచేతితోనే తీసికొనుట యనగా ఇదియే.

అక్షరము రానివారి గతి యేమి? వారికి 1959వరకు ఓటు లేకపోయెను. ఈ విషయమున మన దేశమే ముందు నడచినది. 1951-52లో జరిగిన మన తొలి సార్వత్రిక ఎన్నికలలో వ్రేలిముద్రవాడును, పెట్టెమీది గుర్తు చూచి, పండితునితో సమముగా చీటి వేసెను.

1967 ఆగస్టు 7న స్వాతంత్ర్యము కావలెనా వలదా యను వాదముమీద ఎన్నిక జరిగెను. శివసాగర రాంగులాముగారి కూటమికి 39 స్థానములు, గాయెతాఁ ద్యువాలు పక్షమునకు 23 వచ్చెను. నూటికి నలుబదిమందికి పైగా స్వాతంత్ర్యమునకు వ్యతిరేకముగా ఓటు వేసిరి. హిందువుల రాజ్యము వచ్చునేమో యని తక్కినవారికి భయము. 1968 మార్చి 12న జెండా లేచినది. మరుసటియేటనే ఆ ఇరుపక్షములును ఏకమై మంత్రివర్గమున కూర్చుండెను! అది మెచ్చదగినదే, కాని ఆ ప్రభుత్వమే 1972లో జరుగవలసిన ఎన్నికను 1976వరకు వాయిదావేయుట మాత్రము మెచ్చదగినది కాదు.

ఇక అచటి పద్ధతి. ప్రధానద్వీపమున 20 నియోజకవర్గములు. ఒక్కొక్కదానికి ముగ్గురు సభ్యులు. కావున ఓటరు చీటిమీద మూడు గుర్తులు పెట్టవలెను. ఒకటి రెండు పెట్టి ఊరకుండిన చీటి చెల్లదు. రోడ్రీగు అను చిన్నదీవికి ఇద్దరు. వెరసి 62. లేబరుపార్టీకి తాళపుచెవి, మరియొక పెద్దపక్షమునకు హృదయము, వేరొకదానికి సూర్యుడు గుర్తులు. ఈ మూడు పక్షములు ఒకమారు కలియుట, మరియొకమారు విడిపోవుట మనకు క్రొత్తగాదు.

క్రొత్త యేమన, ఓడినవారికి పీఠము! అభ్యర్థి నామపత్రమున తాను హిందువో, ముస్లిమో, చీనాసంతతివాడో, సామాన్యజనములోనివాడో తెలుపవలెను. తెలుగువారు, తమిళులు, మరాఠీలు హిందువులలోనే లెక్క. ఫలితములు తేలినపిమ్మట, జనసంఖ్యనుబట్టి తక్కువ స్థానములు వచ్చిన వర్గమునుండి, ఓడినవారిలో ఎక్కువ ఓట్లు పొందినవారిని, ఎనమండ్రకు మించకుండ సభలోనికి తీసికొందురు. 1982లో ప్రతిపక్షము నూటికి సుమారు 64 ఓట్లు పొంది ప్రధానద్వీపమందలి 60 స్థానములను ఊడ్చుకొనిపోయెను, రాంగులాముగారే ఓడిరి. నాడు ఆయన పక్షమువారు సభలో నిలువగలుగుట ఈ ఏర్పాటువలననే. 1995లోను, 2024 నవంబరులోను మరల 60కి 60 ఒకే కూటమికి వచ్చినవి. 2024లో గెలిచి ప్రధానియైనది ఆయన కుమారుడు నవీనచంద్రుడు.

ఈ ఏర్పాటు దుర్బలులకు రక్ష యని కొందరు, మనుజుని కులగోత్రములకు కట్టివేయు పలుపు యని కొందరు నేటికిని వాదులాడుచున్నారు. వర్గము చెప్పనివాని నామపత్రము త్రోసివేయుట న్యాయము కాదని 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము తీర్పిచ్చెను. 2014 ఎన్నికకు మాత్రము చెప్పకుండుటకు సెలవిచ్చిరి. ఏ లెక్కనుబట్టి స్థానములు పంచుచున్నారో అది 1972నాటి జనాభాలెక్క. అటుపిమ్మట జనాభాలెక్కలలో ఎవరినిని నీ వర్గమేదని అడుగుట మానివేసిరి.