నిష్కారణ దుఃఖం: ముస్లిం వైద్యుల పరిశీలన, వికారాబాదు - తాండూరు ప్రాంతపు అవసరం

హైదరాబాదు నుండి వాడీకి పోయే రైలు మార్గంలో వికారాబాదు, తాండూరు రెండూ ముఖ్యమైన స్టేషన్లు. వికారాబాదుకు ఆ పేరు పాయెగా ప్రభువు, నిజాము ప్రధానమంత్రిగా పనిచేసిన నవాబు వికారుల్ ఉమ్రా మూలంగా వచ్చింది. తాండూరు నాపరాళ్ళకు, కందిపంటకు ప్రసిద్ధి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలో ఈ రెండు పట్టణాలూ ఉన్నాయి.

వికారాబాదు పక్కనే ఉన్న అనంతగిరి కొండలపై నిజాము పాలనలో క్షయరోగుల కోసం శానిటోరియం వెలసింది. కనుక క్షయ లక్షణాలు ఇక్కడి సామాన్యులకు కూడా తెలుసు. విడవని దగ్గు, సాయంకాలపు జ్వరం, కఫంలో నెత్తుటి జీర కనిపిస్తే రోగిని ఆసుపత్రికి తీసుకుపోవాలని ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే దగ్గూ జ్వరమూ లేకుండా మనిషిని లోలోపల తినివేసే జబ్బు మరొకటి ఉంది. వైద్యులు దానిని డిప్రెషన్ అంటారు. తెలుగులో కుంగుబాటు అంటున్నారు. ఇది పట్టిన మనిషిని ఇంటివారు సోమరి అనవచ్చు, గాలి సోకిందనవచ్చు, విశ్వాసం సన్నగిల్లిందనవచ్చు. రోగి అని మాత్రం త్వరగా అనరు.

ఇది కొత్త కాలపు జబ్బు అనీ, పాశ్చాత్యులు కనిపెట్టిన పేరు అనీ భావించేవారు కొందరున్నారు. చరిత్ర ఈ భావనను బలపరచదు. గ్రీకు వైద్యులు దీనిని నల్లపిత్తం వల్ల కలిగే వ్యాధిగా వర్ణించారు. ఎఫెసస్ నగరవాసి రూఫస్ ఈ విషయమై రచించిన గ్రంథం మూలరూపంలో నేడు లభ్యం కాదు. దానిని గురించి తెలిసినదంతా చాలావరకు అరబీ వైద్యులు ఉదహరించిన భాగాల వల్లనే. గ్రీకు మాటను వారు 'మాలీఖూలియా'గా మార్చుకున్నారు. నల్లపిత్తాన్ని 'సౌదా' అన్నారు.

బాగ్దాదు నుండి ఉత్తర ఆఫ్రికాలోని ఖైరవాన్‌కు వెళ్ళి, అక్కడి అగ్లబీ పాలకుల కొలువులో పనిచేసిన ఇస్‌హాఖ్ ఇబ్ను ఇమ్రాన్ ఈ ఒక్క వ్యాధి మీదనే ఒక గ్రంథం రచించాడు. ఎడతెగని విచారం, ఆధారం లేని భయం, మౌనం, నిద్ర చెడటం, శరీరం చిక్కిపోవటం వంటి లక్షణాలను అతడు వివరించాడు. దైవభీతి మితిమీరిన భక్తులకూ, చదువులో మునిగి దేహాన్ని మరచిన పండితులకూ ఈ వ్యాధి సోకవచ్చునని కూడా వ్రాశాడు. పదకొండవ శతాబ్దిలో కాన్‌స్టంటైన్ అనే ఆఫ్రికా పండితుడు దీనిని లాటిన్‌లోకి తేగా, ఐరోపా వైద్యులు తరతరాలు దీనిని చదువుకున్నారు.

ఇంతకంటే లోతుగా ఆలోచించినవాడు అబూ జైద్ అల్ బల్‌ఖీ (850-934). 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథంలో ఆయన మొదటి భాగాన్ని దేహానికి, రెండవ భాగాన్ని మనసుకు కేటాయించాడు. దేహానికి జ్వరం, నొప్పి ఎలాగో మనసుకు కోపం, భయం, దుఃఖం, పీడించే తలపులు అలాగేనని ఆయన సిద్ధాంతం. దుఃఖాన్ని ఆయన రెండు విధాలుగా విభజించాడు. ఆప్తులు పోవటం, ఆస్తి నష్టపోవటం వంటి తెలిసిన కారణంతో కలిగేది ఒకటి. కారణం ఏమిటో రోగికే తెలియకుండా ఎల్లప్పుడూ ఆవరించి ఉండి, ఏ పనిలోనూ ఉత్సాహం కలగనీయనిది రెండవది. ఈ రెండవదాని మూలం దేహంలోనే ఉందని, దానికి దేహచికిత్స అవసరమని, మంచి మాటలూ ఉల్లాసమూ తోడు కావాలని ఆయన చెప్పాడు. మందులను ముందుగా ఇంట్లో దాచుకున్నట్లే, ఆపత్కాలంలో పనికివచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే మనసులో దాచుకోవాలన్నది ఆయన ఇచ్చిన మరొక సలహా.

ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్'లో ఈ వ్యాధిని శిరోరోగాల సరసన చేర్చి, ఆరంభ దశను గుర్తించటానికి ప్రాధాన్యమిచ్చాడు. కారణం లేని భయం, త్వరగా కోపం రావటం, ఏకాంతాన్ని కోరుకోవటం ఆయన చెప్పిన తొలి గుర్తులలో ఉన్నాయి. డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో నెలకొల్పిన ఆసుపత్రులలో మానసిక రోగులకు ప్రత్యేక స్థానం ఉండేది.

ఈ విజ్ఞానం దక్కనుకు దూరంగా ఉండిపోలేదు. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్రాజీ రచించిన బృహద్గ్రంథం 'అల్ హావీ' అరబీ మూలాన్ని 1955 నుండి సంపుటాలుగా ప్రచురించింది. తల, మెదడు రోగాలకు సంబంధించిన మొదటి సంపుటంలోనే మాలీఖూలియా ప్రసక్తి ఉంది. చార్మినారు చెంత యూనానీ కళాశాల, ఆసుపత్రి వెలసి, హకీములు తయారయ్యారు. జాల్నాలో ఉండిన మానసిక వైద్యశాల 1953లో ఎర్రగడ్డకు తరలివచ్చింది. తాండూరు నుండి రైలెక్కితే ఒక్క పూటలో చేరగల దూరంలో గ్రంథమూ ఉంది, వైద్యశాలా ఉంది. అయినా గుర్తింపు మాత్రం ఇళ్ళలోకి రాలేదు.

దీనికి భాష ఒక కారణం. 'సౌదా' అనే వైద్య పదం ఉర్దూ కవిత్వంలో ప్రవేశించి ప్రేమోన్మాదంగా మారింది. పద్దెనిమిదవ శతాబ్దపు మహాకవి మీర్జా రఫీ ఆ మాటనే తన కలం పేరుగా పెట్టుకున్నాడు. 'సౌదాయీ' అంటే వ్యవహారంలో పిచ్చివాడు. ఇక బజారులో సౌదా అంటే కొనే సరుకు. వ్యాధికి ఉండిన పేరు ఈ విధంగా వ్యాధిని వదలిపోయింది. పేరు లేని బాధను మనుషులు దేహం మీదుగానే చెప్పుకుంటారు. "పానం మంచిగ లేదు", "గుండె గాబరైతుంది", "దిల్ నై లగ్‌తా" అనే మాటలు ఇటువంటివి. తలనొప్పి అనీ, ఒళ్ళు నొప్పులనీ, నీరసమనీ మందులకొట్టుకు పోయి, రెండు గోలీలు తెచ్చుకొని ఊరుకుంటారు.

నేటి వైద్యశాస్త్రం నల్లపిత్తపు సిద్ధాంతాన్ని ఏనాడో త్రోసివేసింది. ప్రాచీనుల పరిశీలన మాత్రం చాలామట్టుకు నిలిచింది. నేటి వైద్యులు చూసే లక్షణాలు ఇవి: రోజులో ఎక్కువ భాగం మనసు దిగులుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి నశించటం, నిద్ర, ఆకలి బాగా తగ్గటం లేదా పెరగటం, ఏ పనీ చేయకుండానే అలసట, మాటలో నడకలో మందకొడితనం లేదా కుదురులేనితనం, ఏకాగ్రత లోపించటం, తాను పనికిరానివాడినని, పాపినని కుమిలిపోవటం, చావును గురించిన తలపులు. వీటిలో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండి, మొత్తం అయిదు లక్షణాలు రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ కనిపిస్తూ, రోజువారీ జీవనాన్ని దెబ్బతీస్తే దానిని వ్యాధిగా పరిగణిస్తారు.

ఒక విషయంలో బల్‌ఖీ విభజనను నేడు జాగ్రత్తగా వాడుకోవాలి. కారణం తెలిసినంత మాత్రాన దుఃఖం జబ్బు కాకుండా పోదు. పంట ఎండినవాడికి, అప్పులవాళ్ళు గడప తొక్కినవాడికి దిగులు సహజమే. 1997-98లో వరంగల్లు జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేసిన నాటి నుండి తెలంగాణ పల్లెలకు ఈ విషాదం తెలుసు. అప్పు నిజం, దానికి పరిష్కారం వైద్యుని చేతిలో లేదు. కాని అప్పుతో మొదలైన దిగులు నిద్రనూ ఆకలినీ ఆశనూ మింగివేసినప్పుడు, అప్పు ఒక కష్టం, జబ్బు మరొక కష్టం. రెండింటికీ వేర్వేరు సహాయం కావాలి. "అంత అప్పుంటే ఎవరైనా గంతే" అని వదలివేయటం వల్లనే అనేకుల జబ్బు గుర్తింపుకు రాకుండా పోతుంది.

ముస్లిం కుటుంబాలలో మరొక అడ్డంకి ఉంది. నమాజు, జిక్ర్ సరిగా ఉంటే ఇటువంటివి రావని కొందరు నిందిస్తారు. దివ్య ఖుర్ఆన్ యూసుఫ్ (అ) వృత్తాంతంలో, కుమారుని ఎడబాటుతో కుమిలి కంటిచూపు కోల్పోయిన యాఖూబ్ (అ) గారిని దైవప్రవక్తగానే పేర్కొన్నది; ఆయన విశ్వాసాన్ని శంకించలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) దుఆలో 'హమ్మ్' నుండి, 'హజన్' నుండి అల్లాహ్ శరణు వేడారు. మొదటిది రాబోయేదానిని గురించిన చింత, రెండవది జరిగిపోయినదానిని గురించిన శోకమని వ్యాఖ్యాతలు వివరించారు. ప్రతి వ్యాధికీ ఔషధం ఉందని, చికిత్స చేయించుకోవాలని బోధించినవారూ ఆయనే. కనుక దుఆ, వైద్యం ఒకదానికొకటి పోటీ కావు.

రోగిని దర్గా దగ్గర వదలిపెట్టే ఆచారం ఎంత దూరం పోగలదో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో లోకం చూసింది. అక్కడ గొలుసులతో కట్టివేయబడిన మానసిక రోగులు మంటల్లో చిక్కుకొని 28 మంది చనిపోయారు. దర్గాకు పోయి ప్రార్థించటం వేరు, రోగిని సంకెళ్ళతో అక్కడే ఉంచటం వేరు.

చట్టం కూడా మారింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా శిక్షించే పాత దృష్టిని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చాలావరకు తొలగించింది. అటువంటి వ్యక్తికి చికిత్స, సంరక్షణ కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై మోపింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా పొందవచ్చు. 2023లో వికారాబాదుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయితే ఆసుపత్రి తలుపు తట్టడానికి ముందు ఇంట్లో ఎవరో ఒకరు గుర్తించవలసి ఉంటుంది. జుమా ప్రసంగం చేసే ఇమాము, మదరసా ఉపాధ్యాయుడు, ఊరి ఆశా కార్యకర్త ఈ లక్షణాలను కంఠస్థం చేసుకోవటం కష్టం కాదు. చావు తలపులు ఉన్నాయా అని మెల్లగా అడిగితే అవి కొత్తగా పుట్టవు. మోస్తున్నవాని బరువు కొంత దిగుతుంది. ఉన్నాయని చెప్పినవానిని ఒంటరిగా విడువకుండా, పురుగుమందు డబ్బాను ఇంట్లో నుండి తొలగించి, ఆ రోజే వైద్యునివద్దకు తీసుకుపోవాలి.

ఖైరవాన్‌లో, బల్ఖ్‌లో వెయ్యేళ్ళ క్రితం వైద్యులు చేసిన పని ముఖ్యంగా ఇదే. వారు రోగి మాట విన్నారు, గుర్తులు వ్రాసుకున్నారు, అది జబ్బు అని చెప్పారు. వారి మందులు పాతబడ్డాయి. ఆ మూడు పనులు వికారాబాదులోను, తాండూరులోను నేటికీ చేయవలసే ఉన్నాయి.